వకాల్తా లేని పని
(న్యాయశాస్త్ర అధ్యాపకులు, విద్యార్థుల సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



లా పాఠాలు చెప్పిన మాస్టారి స్మారకార్థం మాట్లాడమంటే రాజ్యాంగ చట్టం గురించి చెబుతానని చాలామంది అనుకుని ఉంటారు. ఆయన జీవితమంతా చెప్పిన పాఠం అదే. కానీ నా దృష్టిలో ఆయన చేసిన అసలు పని తరగతి గదిలో జరగలేదు. మధ్యాహ్నం క్లాసులయ్యాక తన గదిలో, ఒక్క విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ విద్యార్థి రాసుకొచ్చిన కాగితాలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడంలో జరిగింది. అందుకే ఈ రోజు ఆనర్స్ లా డిగ్రీలో రాసే పరిశోధన గ్రంథం, అంటే డిసర్టేషన్ గురించి, దాన్ని రాయించే గైడ్ గురించి మాట్లాడదలచుకున్నాను. సభకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు. నాకు మాత్రం మన న్యాయవిద్యలో ఇంతకంటే ముఖ్యమైన విషయం కనిపించడం లేదు.

విద్యార్థుల తల్లిదండ్రులు కూడా వచ్చారు కనుక ముందు రెండు మాటలు. ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా చదువు అనే పద్ధతికి మన దేశంలో గట్టి పునాది వేసింది బెంగళూరు నేషనల్ లా స్కూల్. మాధవ మీనన్ గారి నాయకత్వంలో అక్కడ 1988లో తరగతులు మొదలయ్యాయి. హైదరాబాదులో నల్సార్ 1998లో వచ్చింది. విశాఖపట్నం దగ్గర సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. అదే 2008లో బార్ కౌన్సిల్ తెచ్చిన నిబంధనల ప్రకారం మామూలు డిగ్రీకి కావలసిన పేపర్ల మీద మరో ఎనిమిది చదివితే ఆనర్స్. డిసర్టేషన్‌ను ఎక్కడ పెట్టాలి, ఎన్ని మార్కులివ్వాలి అన్నది విశ్వవిద్యాలయాలు ఎవరి పద్ధతిలో వారు తేల్చుకున్నాయి. కొన్ని చోట్ల తప్పనిసరి, కొన్ని చోట్ల ఇష్టమైతేనే. ముందు సినాప్సిస్ ఇవ్వాలి, గైడ్ ఒప్పుకోవాలి, అధ్యాయాలు ఒక్కొక్కటిగా రాసి చూపించాలి, చివర బైండు చేయించి సమర్పించాలి, ఆ తర్వాత వైవా. కాగితం మీద వ్యవహారం ఇంతే.

ఈ వ్యవహారానికి విలువ ఎక్కడుందంటే, ఐదేళ్లలో మిగతా చదువంతా విద్యార్థికి ఏదో ఒక పక్షం అప్పజెప్పి వాదించమంటుంది. మూట్ కోర్టులో ఒక జట్టు అప్పీలుదారు, మరో జట్టు ప్రతివాది. రెండు పక్షాలకూ మెమోరియల్ రాసుకుని, చీటీ తీస్తే ఏ పక్షం వస్తే ఆ పక్షం వాదిస్తారు. పొద్దున ఒకవైపు వాదించినవాడే సాయంత్రం రెండోవైపు వాదిస్తాడు. ఇంటర్న్‌షిప్‌లో సీనియర్ ఫైలు ఇచ్చి, మన క్లయింటుకు పనికొచ్చే తీర్పులు వెతకమంటారు. ఇది తప్పు కాదు, వృత్తికి కావలసిన సాధనే. కానీ ఐదేళ్లూ అదొక్కటే చేస్తే మనిషికి ఒక అలవాటు పడిపోతుంది. తీర్పు చేతికొస్తే ముందు తనకు పనికొచ్చే పేరా వెతుకుతాడు, అడ్డొచ్చే పేరా కనిపించినా దాటిపోతాడు. డిసర్టేషన్‌లో క్లయింటు ఉండడు. ఫీజు ఉండదు. వకాల్తా ఉండదు. అక్కడ విద్యార్థి జవాబు చెప్పుకోవలసింది తాను వేసుకున్న ప్రశ్నకు మాత్రమే. లా చదివే ఐదేళ్లలో అలాంటి అవకాశం బహుశా ఈ ఒక్కసారే వస్తుంది. తర్వాత కోర్టుల్లో పడ్డాక ఎంతమందికి మళ్లీ వస్తుందో మనందరికీ తెలుసు.

మాస్టారి దగ్గరికి చాలామంది టాపిక్ పట్టుకుని వచ్చేవారు. ప్రశ్న పట్టుకుని వచ్చినవాళ్లు అరుదు. ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఇప్పుడు ఆవిడ జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తోంది, పేరు చెప్పడం ఆవిడకు ఇష్టముండదు. ఆ అమ్మాయి తెచ్చిన శీర్షిక ‘గిరిజనుల భూమి హక్కులు: ఒక విమర్శనాత్మక పరిశీలన’. మాస్టారు శీర్షిక చదివి, “దీనికి జవాబు ఏమొస్తే నువ్వు ఆశ్చర్యపోతావమ్మా?” అని అడిగారు. ఆ అమ్మాయి దగ్గర సమాధానం లేదు. ఆశ్చర్యానికి చోటు లేని శీర్షిక అది. రాయకముందే ముగింపు తెలిసిపోయింది: చట్టాలు బాగున్నాయి, అమలు బాగాలేదు, ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి. గ్రంథాలయాల్లో బైండు చేసిన సంపుటాలు తీసి చూడండి, ఎన్నిటికో చివరి అధ్యాయం ఇదే.

అక్కడి నుంచి ఆ టాపిక్ ప్రశ్నగా ఎలా మారిందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే గైడ్ చేసే పనంతా అందులోనే ఉంది. ఆ అమ్మాయి ముందు సమత కేసు దగ్గర ఆగింది. అందరూ అక్కడే ఆగుతారు. 1997లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో, ఒకరి భిన్నాభిప్రాయంతో ఇచ్చిన తీర్పు అది. విశాఖ మన్యంలో అనంతగిరి ప్రాంతపు గనుల లీజుల మీద వచ్చిన వివాదం. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతర ‘వ్యక్తి’కి భూమి బదిలీ చేయకూడదన్నప్పుడు, ఆ వ్యక్తి అన్న మాటలో ప్రభుత్వం కూడా వస్తుందని మెజారిటీ తీర్పు చెప్పింది. గొప్ప తీర్పే. అయితే దాని మీద రాసినవాళ్లు కోకొల్లలు. మాస్టారు ఆ అమ్మాయిని తీర్పు నుంచి వెనక్కి, అసలు రెగ్యులేషన్ దగ్గరికి పంపారు.

ఆంధ్ర ప్రాంత ఏజెన్సీలకు 1959లో ఒకటో రెగ్యులేషన్, అంటే భూ బదిలీ నియంత్రణ రెగ్యులేషన్ (ఎల్‌టీఆర్) వచ్చింది. దాన్ని 1963లో తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకు కూడా వర్తింపజేశారు. 1970లో దానికి పెద్ద సవరణ జరిగింది. ఆ సవరణతో గిరిజనేతరుల మధ్య కూడా ఏజెన్సీ భూమి చేతులు మారకూడదన్న నిషేధం వచ్చింది. దాంతోపాటు మరొకటి వచ్చింది: ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో భూమి ఉంటే, అది తనకో తన పూర్వీకులకో గిరిజనుడి నుంచి బదిలీ అయిందనే భావించాలి, కాదంటే కాదని రుజువు చేసుకోవలసింది స్వాధీనంలో ఉన్నవాడే. రుజువు భారాన్ని అక్షరం ముక్క రాని గిరిజనుడి భుజం మీంచి తీసి, కాగితాలు పుట్టించగల షావుకారి భుజం మీద పెట్టిన నిబంధన అది. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇంత దూరం వచ్చిన లా విద్యార్థి కూడా సాధారణంగా ఇక్కడ ఆగిపోతాడు. నిబంధన ఉంది, సుప్రీంకోర్టు నిలబెట్టింది, కథ ముగిసింది.

“మరి స్పెషల్ డిప్యూటీ కలెక్టరు బల్ల మీద ఆ నిబంధన బతికి ఉందా?” అన్నారు మాస్టారు. ఆ రోజు ఆ అమ్మాయికి ప్రశ్న దొరికింది. ఎల్‌టీఆర్ కేసు మొదట విచారించేది గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు. అప్పీలు ప్రభుత్వ ఏజెంటు హోదాలో ఉన్న కలెక్టరుకు, ఆపైన రివిజన్ ప్రభుత్వానికి. సుప్రీంకోర్టు మాట ఆ కింది మెట్టు దాకా దిగిందా లేదా అన్నది ఉత్తర్వులు చదివితేనే తెలుస్తుంది. ఆ ఉత్తర్వులు ఏ లా రిపోర్టులోనూ అచ్చు కావు. ఏ డేటాబేసులో వెతికినా దొరకవు. బీరువాల్లో, దారంతో కట్టిన దస్త్రాల్లో ఉంటాయి.

ఆ అమ్మాయి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు తెలుగులోనే పెట్టింది. అలా పెట్టవచ్చని ఆ చట్టంలోనే ఉంది. మన రాష్ట్రంలో ఆ దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఈ సంగతి తెలియని ఆఖరి సంవత్సరం లా విద్యార్థులు ఇప్పటికీ ఉన్నారు, అందుకే చెబుతున్నాను. కాగితాలు చేతికొచ్చాక అడంగల్ అంటే ఏమిటో, అందులో సాగుదారు కాలమ్‌కూ పట్టాదారు కాలమ్‌కూ తేడా ఏమిటో, ఒక సర్వే నెంబరు ముక్కలైతే కింద ఎలా రాస్తారో ఆ అమ్మాయి ఒక రిటైర్డు రెవెన్యూ ఉద్యోగి దగ్గర కూర్చుని నేర్చుకుంది. ఐదేళ్ల సిలబస్‌లో ఈ పాఠం ఎక్కడా లేదు. భూమి మీద వ్యాజ్యం నడిపే ప్రతి వకీలుకూ మాత్రం ఇది కావాలి.

తను చదివిన ఫైళ్లలో కొన్ని ఉత్తర్వులు చట్టాన్ని తలకిందులు చేశాయి. గిరిజనుడు తన దగ్గర దస్తావేజు చూపలేదు కనుక కేసు కొట్టివేశామని రాశాయి. నిబంధన ప్రకారం చూపించాల్సింది అవతలివాడు. ఆ అమ్మాయి ఆవేశంగా వచ్చింది, అధ్యాయం కూడా ఆవేశంగానే రాసింది. మాస్టారు చదివి, “మిగతా ఫైళ్లేవి?” అన్నారు. మిగతావాటిలో అధికారి నిబంధనను సరిగ్గానే వాడాడు. స్వాధీనంలో ఉన్నవాడిని రుజువు అడిగాడు, లేదంటే ఖాళీ చేయమని రాశాడు. మరికొన్నిటిలో గిరిజనేతరుడు 1959కి ముందటి కాగితం చూపి నెగ్గాడు. తన వాదన బలహీనపడుతుందని ఆ అమ్మాయి వాటిని పక్కన పెట్టింది. అప్పుడు మాస్టారు అడిగిన మాట నాకు బాగా గుర్తు: “నువ్వు ఎవరి తరఫున వకాల్తా వేశావమ్మా?”

ఆ అమ్మాయి తిరిగి రాసింది. అడ్డొచ్చిన ఫైళ్లను అదే అధ్యాయంలో, ముందే పెట్టింది. పెట్టాక అసలు విషయం బయటపడింది. గిరిజనుడి పక్కన చదువుకున్నవాడు ఒకడు నిలబడి, నిబంధన నెంబరుతో సహా అర్జీ రాసిచ్చిన చోట ఉత్తర్వులో ఆ నిబంధన కనిపించింది. అర్జీలో దాని ఊసు లేని చోట ఉత్తర్వులోనూ లేదు. తను చూసిన కొద్ది ఫైళ్లకు మించి దీన్ని సాగదీయకూడదని కూడా తనే రాసింది. ఆవేశంతో రాసిన మొదటి ప్రతిలో ఈ సంగతి కనిపించే వీలే లేదు, ఎందుకంటే పోల్చి చూడడానికి రెండో రకం ఫైళ్లను తను పక్కన పెట్టేసింది. గిరిజనుల పట్ల ఆ అమ్మాయికున్న ప్రేమ రెండో ప్రతిలో ఏమీ తగ్గలేదు. వాళ్లకు పనికొచ్చింది మాత్రం రెండో ప్రతే.

పక్షం తీసుకోవద్దని మాస్టారు ఎప్పుడూ అనలేదు. పోలీసు స్టేషనులో జరిగిన అత్యాచారం కేసులో నిందితులైన పోలీసులను విడిచిపెట్టిన మథుర కేసు తీర్పు మీద 1979లో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా కదిలింది. 1983లో చట్టం మారింది, కస్టడీలో జరిగిన అత్యాచారం కేసుల్లో సమ్మతి లేదని బాధితురాలు చెబితే కోర్టు లేదనే భావించాలన్న నిబంధన వచ్చింది. వాళ్లు పక్షం తీసుకున్నారు, నిజమే. అయితే తీర్పును, సాక్ష్యాన్ని వరస వరసా చదివి తీసుకున్నారు. ఆ చదవడం నేర్పే చోటు డిసర్టేషన్.

ప్రశ్న ఎంత దూరం పోగలదో చెప్పడానికి మాస్టారు తరచు ఒక సంగతి గుర్తు చేసేవారు. 1965లో డీటర్ కాన్రాడ్ అనే జర్మన్ పండితుడు బనారస్ హిందూ విశ్వవిద్యాలయం లా ఫ్యాకల్టీలో ఉపన్యాసమిచ్చారు. రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి లోపలి నుంచే హద్దులుంటాయా అన్నది విషయం. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21వ అధికరణాన్ని సవరణతో ఎత్తివేయవచ్చా అని ఆయన అడిగారు. వైమర్ జర్మనీ రాజ్యాంగం ఎలా కూలిపోయిందో తెలిసిన మనిషి అడిగిన ప్రశ్న అది. అప్పటికి ఇక్కడి కోర్టుల ముందు ఆ రూపంలో ఎవరూ పెట్టని ప్రశ్న. అది న్యాయవాది ఎం.కె. నంబియార్ ద్వారా గోలక్‌నాథ్ కేసులోకి వెళ్లింది. 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడు మంది న్యాయమూర్తుల ముందు మౌలిక స్వరూప సిద్ధాంతంగా నిలబడింది. జస్టిస్ ఖన్నా తన తీర్పులో కాన్రాడ్ మాటలను ప్రస్తావించారు. విశ్వవిద్యాలయ గదిలో పుట్టిన ప్రశ్న ఎనిమిదేళ్లలో దేశ రాజ్యాంగాన్ని కాపాడే సూత్రమయింది. ఆ గదిలో క్లయింటు లేడు, ఫీజు లేదు.

మరో రకం ప్రశ్నకు ఉదాహరణ 66ఏ. ఐటీ చట్టంలో, అభ్యంతరకరమైన ఆన్‌లైన్ సందేశాలను నేరంగా పేర్కొన్న ఆ సెక్షన్‌ను శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఆ తర్వాత దాని మీద ఎన్నో డిసర్టేషన్లు వచ్చాయి. వాటిలో చాలాభాగం భావప్రకటన స్వేచ్ఛ చరిత్రతో మొదలై ఆ తీర్పును పొగడడంతో ముగిశాయి. 2018లో ఇద్దరు న్యాయవాదులు వేరే ప్రశ్న వేసుకున్నారు: కొట్టేసిన సెక్షన్ కింద పోలీసులు ఇంకా కేసులు పెడుతున్నారా? పెడుతున్నారని తేలింది. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ కోర్టుకు వెళ్లింది. 2019 ఫిబ్రవరిలో తీర్పు ప్రతులను హైకోర్టుల ద్వారా జిల్లా కోర్టులన్నిటికీ, పోలీసు అధికారులకూ పంపమని సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2021 నాటికి పదకొండు రాష్ట్రాల జిల్లా కోర్టుల్లో 745 కేసులు నడుస్తున్నాయని మళ్లీ లెక్క చూపారు. తీర్పును ఎంత బాగా చదివినా ఈ సంగతి తెలియదు. పోలీసు స్టేషనులోని ఎఫ్‌ఐఆర్ చదివితే తెలుస్తుంది. తీర్పులు చదివే పరిశోధన ఒక జాతి, ఫైళ్లు చదివే పరిశోధన ఇంకో జాతి అని మనవాళ్లు గీతలు గీస్తుంటారు. కాన్రాడ్ ప్రశ్నకు పుస్తకాలు చాలు, 66ఏ ప్రశ్నకు చాలవు. పద్ధతి ఏదన్నది ప్రశ్నను బట్టి వస్తుంది. సినాప్సిస్‌లో పద్ధతి పేరు ముందు రాసేసి, ఆ తర్వాత ప్రశ్న వెతికే ఆచారం పోవాలి.

ఇక గైడ్ సంగతి. అంబేడ్కర్ గారు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో రాసిన థీసిస్ 1923లో ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రుపీ’ పేరుతో అచ్చయింది. ఆయన ఆచార్యుడు ఎడ్విన్ కానన్ దానికి ముందుమాట రాశారు. పుస్తకంలోని విమర్శలో తనకు ఒప్పుదల కాని భాగం చాలానే ఉందని ఆ ముందుమాటలోనే చెప్పారు. విద్యార్థి తనతో ఏకీభవించకపోయినా, వాదన సొంతంగా చేశాడు, కొత్తదనంతో చేశాడు అని గుర్తించి ముందుమాట రాసిన గురువు ఆయన. సామ్రాజ్యపు రాజధానిలో, సామ్రాజ్య ద్రవ్య విధానాన్ని తప్పుపట్టిన భారతీయ విద్యార్థికి అలాంటి గురువు దొరికాడు. ఇవాళ మన కాలేజీల్లో గైడ్ అభిప్రాయానికి ఎదురు రాసి మంచి మార్కులు తెచ్చుకోగల విద్యార్థి ఎంతమంది? ఈ ప్రశ్న ఇక్కడున్న అధ్యాపకులందరినీ అడుగుతున్నాను.

మాస్టారు చిత్తుప్రతి చదివే పద్ధతి ఒకటుండేది. మార్జిన్‌లో ఆయన వాక్యాలు దిద్దేవారు కాదు, ప్రశ్నలు మాత్రం రాసేవారు. “ఇది నీకెలా తెలుసు?” “ఇది తీర్పులో ఉందా, తీర్పు మీద ఎవరో రాసిన వ్యాసంలో ఉందా?” “మెజారిటీయా, మైనారిటీయా?” “ఈ పేరా తీసేస్తే నష్టమేమిటి?” ఈ నాలుగూ దాదాపు ప్రతి పేజీలో ఉండేవి. రెండో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, సగం డిసర్టేషన్లు కూలేది అక్కడే. తీర్పు తెరవకుండా, దాని హెడ్‌నోటు చదివి, కోర్టు ఇలా అన్నదని రాసేస్తారు. హెడ్‌నోటు రాసేది రిపోర్టరు, న్యాయమూర్తి కాదు. న్యాయవాది వాదనను కోర్టు నిర్ణయంగా ఉదహరించిన పేజీలు నేను లెక్కలేనన్ని చూశాను. ఒక పక్షం సమర్పించిన వాదనను తీర్పులో న్యాయమూర్తి మొదట తన మాటల్లో చెబుతారు, తర్వాత తోసిపుచ్చుతారు. తోసిపుచ్చిన పేరా దాకా చదవనివాడు మొదటి పేరానే తీర్పు అనుకుంటాడు. వృత్తిలో ఆ తప్పు చేస్తే క్లయింటు నష్టపోతాడు. కాలేజీలో అడిగేవాడుంటే ఆ తప్పు అక్కడే ఆగుతుంది.

అయితే గైడ్లకు చదివే తీరిక ఎక్కడుంది? ఒక్కో అధ్యాపకుడికి మోయలేనంత మంది విద్యార్థులను అప్పజెబుతున్నారు. పైగా క్లాసులు, పరీక్ష పేపర్లు, అక్రెడిటేషన్ ఫైళ్లు, కమిటీలు. ఖాళీల్లో తాత్కాలిక అధ్యాపకులతో నెట్టుకొస్తున్న కాలేజీలు ఎన్నో. ఇలాంటి చోట గైడ్ సంతకం మిగులుతుంది, చదవడం పోతుంది. సమర్పణ తేదీకి వారం ముందు మూడు వందల పేజీలు తెచ్చి బల్ల మీద పెడితే ఎవరు చదవగలరు? దోషమంతా అధ్యాపకుడిదే అనడం అన్యాయం. పాలకవర్గాలు డిసర్టేషన్ గైడెన్సును పనిగంటల్లో లెక్కించాలి. ఒక్కొక్కరి దగ్గర ఎంతమంది ఉండాలో హద్దు పెట్టాలి. ఈ రెండూ చేయలేని సంస్థ డిసర్టేషన్‌ను సిలబస్ నుంచి తీసేయడమే నిజాయితీ. కఠినంగా ఉన్నా ఇది నా నిశ్చితాభిప్రాయం.

చదివే గైడ్ లేని చోట ఏం పెరుగుతుందో కాలేజీల చుట్టుపక్కల జిరాక్స్, డీటీపీ షాపుల్లో చూడవచ్చు. శీర్షిక చెబితే చాలు, బైండింగుతో సహా తయారు. యూజీసీ 2018లో దీనికి నిబంధనలు తెచ్చింది. పోలిక పది శాతం దాటితే సరిచేసి మళ్లీ సమర్పించాలి, నలభై దాటితే ఏడాది పాటు సమర్పించే అవకాశం ఉండదు, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. నిబంధన మంచిదే. కానీ దాన్ని మనం ఎలా వాడుతున్నాం? పది శాతం లోపు తేవడం ఒక విద్యగా మారిపోయింది. వాక్యంలో మాటలు అటూ ఇటూ తిప్పి, ఆలోచన మాత్రం పరాయిదే ఉంచుతారు. యంత్రం మాటలను పోల్చగలదు. ఆలోచన ఎవరిదో తేల్చాలంటే వైవాలో ఎదురుగా కూర్చుని, ఈ అధ్యాయం ఈ వరసలో ఎందుకు పెట్టావని అడగాలి. సొంతంగా రాసినవాడు తడుముకున్నా చెబుతాడు.

కృత్రిమ మేధ వచ్చాక సమస్య ఇంకో మెట్టెక్కింది. 2023లో న్యూయార్కులో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో న్యాయవాదులు చాట్‌జీపీటీ పుట్టించిన, ఎక్కడా లేని తీర్పులను కోర్టుకు సమర్పించారు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. అది పేరున్న వార్త అయింది కనుక అందరికీ తెలుసు. డిసర్టేషన్ ఫుట్‌నోటులో లేని తీర్పు దూరితే ఎవరు పట్టుకుంటారు? ఫుట్‌నోట్లు తెరిచి చూసే గైడ్ పట్టుకుంటాడు. ప్రతి అధ్యాయం నుంచి నాలుగైదు ఫుట్‌నోట్లు ఎంచుకుని, ఆ తీర్పు తెచ్చి ఆ పేజీ చూపించమనేవారు మాస్టారు. ఆయన కాలంలో ఈ యంత్రాలు లేవు. ఆ పద్ధతి ఇప్పుడే ఎక్కువ అవసరం.

మనుషుల దగ్గరికి వెళ్లి చేసే పరిశోధనలో మరో బాధ్యత ఉంది. జైళ్లలో, ఏజెన్సీ గూడేల్లో, కుటుంబ న్యాయస్థానాల వరండాల్లో మాట్లాడేవాళ్లు మన ప్రశ్నావళికి కట్టుబడి లేరు. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ 2016లో మరణశిక్ష పడిన ఖైదీల మీద నివేదిక వెలువరించింది. విద్యార్థులు 373 మంది ఖైదీలతో మాట్లాడారు. వారిలో నూటికి 74 మందికి పైగా ఆర్థికంగా అట్టడుగున ఉన్నవాళ్లని ఆ నివేదిక తేల్చింది. ఉరి నీడలో ఉన్న మనిషిని ప్రశ్నలడగడానికి ముందు ఆ పిల్లలకు ఎంత శిక్షణ కావలసి ఉంటుందో ఊహించండి. మన పల్లెల్లో కాగితం మీద సంతకం పెట్టమంటే భయపడతారు, ఆ భయానికి కారణం కూడా ఉంది. మనం అడిగేదేమిటో, పేరు బయటికి రాదని, ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదని వాళ్ల మాటలో చెప్పి, వాళ్లు ఊఁ అన్నాకే పుస్తకం తెరవాలి. ఈ సంగతి గైడ్ ముందుగా చెప్పాలి. బాధితురాలి పేరు డిసర్టేషన్‌లో అచ్చయ్యాక చెప్పి లాభం లేదు.

చివరగా జిల్లా కాలేజీల విద్యార్థుల గురించి. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివే పిల్లల్లో చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. పరిశోధన అంటే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల వ్యవహారమని వాళ్లు అనుకుంటారు, మనమూ అనుకోనిస్తున్నాం. కానీ మేజిస్ట్రేటు కోర్టు వాంగ్మూలాలు, పంచాయతీ తీర్మానాలు, అడంగళ్లు, పోలీసు పంచనామాలు తెలుగులో ఉన్నాయి. వాటిని ధారాళంగా చదవగలిగేది వాళ్లే. ఆంగ్లంలో ఫుట్‌నోటు రాయడం ఒక నెలలో నేర్పవచ్చు. దస్త్రం చదివి అందులో ఏం జరిగిందో పసిగట్టడం అంత తొందరగా రాదు, అది వాళ్లకు సగం వచ్చే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ లా కాలేజీ అయినా, ఆనర్స్ ఉన్నా లేకపోయినా, ఇష్టపడ్డ విద్యార్థికి ఒక గైడ్‌నిచ్చి చిన్న డిసర్టేషన్ రాయించవచ్చు. దానికి ఏ కౌన్సిల్ అనుమతీ అక్కర్లేదు.

ఈ సభలో నేను మూడు విన్నపాలు పెడుతున్నాను. అధ్యాపక మిత్రులారా, ఈ ఏడాది మీ దగ్గరున్న ప్రతి విద్యార్థి మొదటి అధ్యాయాన్ని పూర్తిగా చదవండి, మార్జిన్‌లో కనీసం ప్రశ్నలు రాయండి. విద్యార్థులారా, ఏ ఆఫీసులో ఫైళ్లు చూశారో, ఏ ఊళ్లో మనుషులతో మాట్లాడారో అక్కడికి మీ డిసర్టేషన్ సారాన్ని తెలుగులో రెండు మూడు పేజీలు రాసి పంపండి. నేను చెప్పిన అమ్మాయి అలా పంపింది. గ్రంథాలయ అధికారులారా, బైండు చేసిన ప్రతులను తాళం వేసిన గదిలోంచి తీసి, అందరికీ అందే అరల్లో పెట్టించండి. మాస్టారు గైడ్‌గా ఉన్న డిసర్టేషన్లన్నీ ఈ భవనంలోనే ఉన్నాయి. వచ్చే ఏడాది ఈ సభ జరిగేనాటికి వాటి పట్టిక అచ్చువేసి, అడిగినవాళ్లకల్లా చదవడానికి ఇవ్వాలని కోరుతున్నాను.